చేతికి తగ్గ పనిముట్టు

ఉదయం నిద్ర లేచిన దగ్గర నుంచి మొదటి కప్పు చాయ్ తాగే దాకా మన చేతులు ఎన్ని పనులు చేస్తాయో ఒకసారి లెక్క వేసుకుందాం. తలుపు గడియ తీయాలి. కుళాయి తిప్పాలి. టూత్‌పేస్టు మూత విప్పాలి. వుజూ కోసం దోసిలి పట్టాలి. పైజామా నాడా ముడి వేయాలి, చొక్కా గుండీలు పెట్టుకోవాలి. పొయ్యి వెలిగించాలి, చక్కెర డబ్బా మూత తీయాలి, పట్టకారుతో గిన్నె దించాలి, వేడి కప్పు పట్టుకోవాలి. ఇవన్నీ మనకు పనులుగా కూడా తోచవు.

కీళ్లవాతంతో వేళ్లు వాచిన దాదీకి, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన తండ్రికి, కుష్ఠు నయమైనా వేళ్లు వంకరపోయిన మనిషికి వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పనే. ప్రతి పనికీ ఎవరినో ఒకరిని పిలవాలి. నీళ్లు ఇవ్వమని, గుండీ పెట్టమని, అన్నం కలిపి పెట్టమని అడగాలి. ఇంట్లోవాళ్లు ఎంత మంచివాళ్లయినా రోజుకు ముప్పైసార్లు అడగడం మనిషికి భారం. కొన్నాళ్లకు వారు అడగడం తగ్గించుకుంటారు. దాహం వేసినా ఊరుకుంటారు. బంధువుల ఇంట పెళ్లికి వెళితే నలుగురిలో తినలేమని ఇంట్లోనే ఉండిపోతారు. చేతికి వచ్చిన ఇబ్బంది ఇలా మెల్లగా మనిషి మొత్తానికీ పాకుతుంది.

మన సమాజంలో వికలాంగులకు, వృద్ధులకు సాయం చేసేవారు తక్కువేమీ కాదు. చక్రాల కుర్చీలు, చంకకర్రలు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు ఏటా పంచుతూనే ఉన్నాం. చేతుల విషయం మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తురాదు. నిరుపేద వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ‘రాష్ట్రీయ వయోశ్రీ యోజన’ను ప్రారంభించింది. అప్పుడు ప్రకటించిన జాబితాలో చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు ఉన్నాయి. కాలికీ, చెవికీ, పంటికీ, కంటికీ చోటు దొరికింది. ముద్ద నోటికి చేర్చుకోవడానికి, మూత తీసుకోవడానికి పనికొచ్చే వస్తువు అందులో లేదు. ఆ లోటును మన ఊళ్లో, మన చేతనైనంతలో ఎలా పూడ్చవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. హైస్కూలు సైన్సులో పిల్లలకు మేము చెప్పే రెండు మూడు సూత్రాలు, ఒక వడ్రంగి, ఒక దర్జీ, కొంచెం ఓపిక ఉంటే చాలు.

చేతి ఇబ్బంది ఒకే రకం కాదు

మొదట తెలుసుకోవలసింది ఇదే. పైకి చూస్తే అందరిదీ ‘చెయ్యి సరిగా పనిచేయకపోవడమే’. లోపల కారణాలు వేరు, కాబట్టి కావలసిన పనిముట్టూ వేరు. ముఖ్యంగా నాలుగు రకాలు చెప్పుకోవచ్చు.

మొదటిది నొప్పి. కీళ్లవాతం ఉన్నవారికి బలం కొంత ఉన్నా, వేళ్లు గట్టిగా ముడిస్తే ప్రాణం పోయినంత బాధ. వీరికి వేళ్లు ఎక్కువగా ముడవకుండానే పట్టుకోగలిగే లావుపాటి, మెత్తని పిడి కావాలి.

రెండోది బలం లేకపోవడం. వెన్నుపాముకు దెబ్బ తగిలినవారిలో కొందరికి వేళ్లలో అసలు పట్టే ఉండదు. పక్షవాతం వచ్చినవారికి సాధారణంగా ఒక చెయ్యి పడిపోతుంది, రెండోది బాగానే ఉంటుంది. పట్టు లేనివారికి పనిముట్టును చేతికి కట్టాలి. ఒంటిచేత్తో పనిచేసేవారికి రెండో చెయ్యి చేసే పనిని, అంటే వస్తువును కదలకుండా పట్టుకోవడాన్ని, మరొకదానికి అప్పగించాలి.

మూడోది వణుకు. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారు పట్టుకోగలరు గాని చెంచా నోటిదాకా వచ్చేసరికి సగం ఒలికిపోతుంది. వీరికి లోతైన చెంచా, వెడల్పు అడుగు ఉన్న కప్పు, ఒలకకుండా మూత అవసరం. కొందరికి బరువైన చెంచా వల్ల వణుకు కాస్త తగ్గుతుంది, కొందరికి తగ్గదు. వాడి చూస్తేనే తెలుస్తుంది.

నాలుగోది స్పర్శ లేకపోవడం. కుష్ఠు వల్ల, దీర్ఘకాలం అదుపులో లేని మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నవారికి వేడీ నొప్పీ తెలియవు. నాలుగింటిలో ప్రమాదకరమైనది ఇదే. ఎందుకంటే ఈ చెయ్యి పని చేస్తూనే గాయపడుతుంది, ఆ సంగతి మనిషికి తెలియదు.

తుప్పు పట్టిన తాళం నేర్పిన పాఠం

స్పర్శ లేని చేతుల గురించి ప్రపంచానికి ఎంతో తెలియజెప్పినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. ఈ ఆంగ్ల శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్లను సరిచేసే శస్త్రచికిత్సలు చేశారు. ఆయన చెప్పిన ఒక సంఘటన ప్రసిద్ధం. ఒక గది తాళం తుప్పు పట్టి ఆయనకు తెరుచుకోలేదు. అక్కడే ఉన్న కుష్ఠు సోకిన కుర్రవాడు ముందుకొచ్చి తాళంచెవిని చటుక్కున తిప్పేశాడు. ఇంత బలం ఎక్కడిదని ఆశ్చర్యపోయిన డాక్టరుగారికి నేల మీద రక్తపు చుక్కలు కనిపించాయి. తాళంచెవి అంచు కుర్రవాడి వేలిని ఎముక దాకా కోసేసింది. అతనికి ఆ సంగతే తెలియదు.

కుష్ఠు వస్తే వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని మనవాళ్లు చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. అది నిజం కాదు. నొప్పి తెలియకపోవడం వల్ల తగిలే దెబ్బలు, కాలిన గాయాలు, అవి చీము పట్టడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుందని బ్రాండ్ గమనించారు. అంటే సరైన పనిముట్టు ఇక్కడ సౌకర్యం మాత్రమే కాదు, వేళ్లను కాపాడే మందుతో సమానం.

ఆ తాళంచెవికి ఒక చెక్కముక్క పిడిగా బిగించి ఉంటే ఏమయ్యేది? పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని హైస్కూలు పిల్లలకు చెబుతాం. చేతికి తగిలే వైశాల్యం పదింతలైతే, అదే బలానికి చర్మం మీద పడే ఒత్తిడి పదోవంతు అవుతుంది. తాళంచెవి తలకాయకు రంధ్రం ఎలాగూ ఉంటుంది. నాలుగు అంగుళాల నున్నని చెక్కకు ఒక చివర గాటు పెట్టి, అందులో తాళంచెవి దూర్చి, ఆ రంధ్రంలో చిన్న బోల్టు బిగిస్తే పని అయిపోతుంది. పిడి పొడవు పెరిగింది కాబట్టి తిప్పడానికి తక్కువ బలం చాలు. కీళ్లవాతం ఉన్నవారికీ ఇది ఉపయోగమే.

మూడు సూత్రాలు

ఇంట్లో వాడే సహాయక పనిముట్లలో చాలావాటికి మూలం మూడు సూత్రాలే.

ఒకటి, పిడి లావుగా ఉండాలి. సన్నని గరిటె కాడను పట్టుకోవాలంటే వేళ్లు పూర్తిగా ముడవాలి, గట్టిగా నొక్కాలి. లావుపాటి పిడికి అంత అక్కర్లేదు. చిన్నపిల్లలకు మొదట్లో లావు పెన్సిలు ఇచ్చేది కూడా ఇందుకే. సాధారణంగా 3 నుంచి 4 సెంటీమీటర్ల మందం సరిపోతుంది. చేతులు చిన్నవైతే ఇంకొంచెం తక్కువ. పట్టుకున్నప్పుడు వేలికొనలు అరచేతిలో గుచ్చుకుంటే పిడి సన్నమైనట్టు, వేళ్లు చుట్టూ సరిగా రాకపోతే లావైనట్టు. పూర్తి గుండ్రని పిడి చేతిలో తిరిగిపోతుంది, కాస్త కోలగా ఉంటే తిరగదు.

రెండు, మీట పొడవుగా ఉండాలి. కుళాయి తల 3 సెంటీమీటర్లు, దానికి తగిలించిన మీట 15 సెంటీమీటర్లు ఉంటే, తిప్పడానికి కావలసిన బలం ఐదోవంతుకు తగ్గుతుంది. అప్పుడు వేళ్లతో పని లేదు, మణికట్టుతోనో మోచేతితోనో తోసినా చాలు.

మూడు, వస్తువు కదలకూడదు. ఒక చెయ్యి పనిచేస్తుంటే రెండోది పట్టుకోవాలి. పట్టుకునే చెయ్యి లేనప్పుడు బల్ల, మేకు, రబ్బరు, తడిగుడ్డ ఆ పని చేయాలి.

ఒక పీలర్ కథ

ఈ సూత్రాలతో తయారైన ఒక వస్తువు ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అమెరికాలో వంటసామాను వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న శామ్ ఫార్బర్ అనే ఆయన, కీళ్లవాతం ఉన్న తన భార్య బెట్సీ మామూలు పీలర్‌తో తొక్క తీయలేక అవస్థ పడటం చూశారు. సన్నని లోహపు కాడ ఆమె వేళ్లను బాధిస్తోంది. న్యూయార్కులోని స్మార్ట్ డిజైన్ అనే సంస్థతో కలిసి మెత్తని రబ్బరులాంటి పదార్థంతో, లావుగా, కోలగా ఉండే పిడిని తయారు చేయించారు. బొటనవేలు, చూపుడువేలు ఆనే చోట సన్నని గాట్లు పెట్టారు. తడిచేత్తో పట్టుకున్నా జారదు. 1990లో ‘ఆక్సో గుడ్ గ్రిప్స్’ పేరుతో ఆ వస్తువులు బజారుకు వచ్చాయి.

కీళ్లవాతం లేనివారు కూడా వాటిని ఇష్టపడి కొన్నారు. అది ‘రోగుల వస్తువు’లా కనిపించలేదు కాబట్టి వాడేవారు నామోషీ పడలేదు. అందరికీ పనికొచ్చేలా వస్తువులను, కట్టడాలను రూపొందించాలన్న ఈ ఆలోచనకు ‘సార్వజనీన రూపకల్పన’ అనే అర్థం వచ్చే పేరు పెట్టిన అమెరికన్ వాస్తుశిల్పి రాన్ మేస్ స్వయంగా పోలియో బాధితుడు, చక్రాల కుర్చీ వాడినవారు. మన ఇళ్లలోనూ ఇది గుర్తుంచుకోవాలి. దాదీ కోసం ప్రత్యేకంగా చేసినట్టు కనబడే వస్తువు మూలన పడుతుంది. కోడలూ మనవరాలూ కూడా వాడే పీలర్ అయితే రోజూ చేతిలో ఉంటుంది.

మన ఇళ్లలో ఏమేం చేయవచ్చు

వంటింట్లో: గరిటెలు, చెంచాలు, పీలర్ కాడలకు ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లని ఫోమ్ గొట్టం ముక్కలు కోసి తొడగవచ్చు. హార్డ్‌వేర్ దుకాణంలో అడుగుల లెక్కన దొరుకుతుంది. సైకిలు హ్యాండిల్ గ్రిప్పులు కూడా పనికొస్తాయి. పాత సైకిలు ట్యూబును బాగా కడిగి పట్టీలుగా కోసి చుట్టినా పట్టు వస్తుంది. అయితే ఫోమూ రబ్బరూ మంట దగ్గరికి పోకూడదు. పొయ్యి మీద వాడే గరిటెలకు, మూకుడు కాడలకు చెక్క పిడి బిగించడమే క్షేమం.

ఒంటిచేత్తో కూరగాయలు తరిగేవారికి ఒక చెక్కపీట చాలు. తుప్పు పట్టని స్టీలు మేకులు రెండింటిని అడుగు నుంచి పైకి కొట్టాలి. ఉల్లిగడ్డను, బంగాళాదుంపను వాటికి గుచ్చితే కదలదు. పీట ఒక మూలకు రెండు వైపులా చిన్న చెక్కపట్టీలు బిగిస్తే రొట్టెను ఆ మూలకు ఆనించి నెయ్యి రాసుకోవచ్చు. పీట కింద తడిగుడ్డ పరిస్తే జారదు. వాడనప్పుడు మేకుల మీద ఒక బెండుముక్క గుచ్చి పెట్టాలి. స్పర్శ లేనివారికి మాత్రం ఈ మేకుల పీట ఇవ్వకూడదు.

సీసా మూతలు తీయడానికి రబ్బరు ముక్క మూత మీద వేసి అరచేత్తో తిప్పితే వేళ్ల మీద భారం పడదు. సీసాను సొరుగులో పెట్టి, తుంటితో సొరుగును నొక్కి పట్టి మూత తిప్పితే ఒక చెయ్యే చాలు.

తినేటప్పుడు: పట్టు బొత్తిగా లేనివారికి అరచేతి పట్టీ గొప్ప వరం. రెండు అంగుళాల వెడల్పు కాన్వాసు గుడ్డను అరచేతి చుట్టూ వచ్చేలా కోసి, చివర్లకు వెల్క్రో కుట్టి, అరచేతి వైపు ఒక సన్నని జేబు కుట్టాలి. ఆ జేబులో చెంచా కాడ దూరుతుంది. అదే పట్టీలో బ్రష్, పెన్ను, దువ్వెన కూడా పెట్టుకోవచ్చు. దర్జీకి అరగంట పని. పట్టీ మరీ బిగుతుగా ఉండకూడదు. తీశాక చర్మం ఎర్రబడిందేమో, ఒరుసుకుందేమో చూడాలి.

కంచం విషయంలో మన పాత పద్ధతే మేలు. నిలువు అంచు ఉన్న స్టీలు కంచంలో ముద్దను అంచుకు ఆనించి చెంచాలోకి తోసుకోవచ్చు. పల్చని ప్లాస్టిక్ పళ్లేల్లో అన్నం బయటికి పోతుంది.

కుడిచెయ్యి పడిపోయినవారి విషయంలో ఇంకొక మాట. ఎడమచేత్తో తినాల్సి వచ్చిందని కుమిలిపోయే పెద్దలను మనం చూస్తూనే ఉంటాం. తగిన కారణం ఉన్నవారికి అది తప్పు కాదని ఉలమాలు చెబుతారు. ఇంట్లోవాళ్లు ఈ సంగతి నోరు తెరిచి చెప్పాలి. చేతిలో చెంచా పెట్టడం ఎంత అవసరమో మనసులో బెరుకు తీయడమూ అంతే అవసరం.

స్పర్శ లేనివారికి స్టీలు గ్లాసులో వేడి చాయ్ ఇవ్వకూడదు. పిడి ఉన్న మందపాటి పింగాణీ కప్పు ఇవ్వాలి. పొయ్యి పక్కన పట్టకారు, మందపాటి గుడ్డ చేతికందే చోట ఎప్పుడూ ఉండాలి.

వుజూ, స్నానం, బట్టలు: సాయం తీసుకోవడంలో తప్పు లేదు. కాని రోజుకు ఐదుసార్లు కుళాయి తిప్పమని పిలవాల్సి రావడం కష్టం. మీట కుళాయి బిగిస్తే మోచేతితో తెరుచుకోవచ్చు. మసీదు వుజూఖానాలో కనీసం ఒక్క కుళాయి ఇలాంటిది ఉంటే, దాని ముందు కూర్చోవడానికి తగిన ఎత్తున్న అరుగు ఉంటే, ఎంతోమందికి మేలు. బద్నా వాడే ఇళ్లలో దాని పిడిని లావు చేసి, సగం మాత్రమే నింపితే మణికట్టు మీద బరువు పడదు. ఒక చివర కుట్టి ఉచ్చులా చేసిన తువ్వాలుతో చెయ్యి దూర్చి వీపు తుడుచుకోవచ్చు. పైజామాకు నాడా బదులు ఎలాస్టిక్, చొక్కాకు గుండీల కింద వెల్క్రో పెడితే పైకి ఏ తేడా కనబడదు. గుండీలు అలాగే ఉంటాయి, ముడి వేసే పని తప్పుతుంది.

అడిగి, చూసి, కొలిచి చేయాలి

వస్తువు చేయడం తేలిక. ఎవరికి ఏది కావాలో తెలుసుకోవడమే అసలు పని. అందుకు కొన్ని మెట్లు చెబుతాం.

ముందు ఆ మనిషినే అడగాలి, కొడుకునో కోడలినో కాదు. ‘మీ అంతట మీరు చేసుకోవాలని ఏ పని మీద ఎక్కువ కోరిక ఉంది?’ అన్నది మొదటి ప్రశ్న. మనం తినడం అనుకుంటాం, ఆమె తల దువ్వుకోవాలని ఉందంటారు. ఆమె కోరినదే ముందు చేయాలి.

తరువాత ఆ పని చేస్తుండగా పక్కన కూర్చుని చూడాలి. ఎక్కడ ఆగిపోతున్నారు? పట్టుకోవడం దగ్గరా, ఎత్తడం దగ్గరా, తిప్పడం దగ్గరా? చెయ్యి ఏది చేయలేదో కాదు, ఇంకా ఏది చేయగలదో రాసుకోవాలి. బొటనవేలు కదిలితే ఒక దారి, మణికట్టు మాత్రమే కదిలితే ఇంకొక దారి.

మూడోది, అట్టతో, గుడ్డతో, రబ్బరు బ్యాండ్లతో తాత్కాలిక నమూనా చేసి వారం రోజులు వాడనివ్వాలి. బాగుందని మర్యాదకు చెప్పే మాట మీద ఆధారపడకూడదు. వారం తరువాత వెళితే ఆ వస్తువు ఎక్కడుందో చూడాలి. కంచం పక్కన ఉంటే సరిపోయినట్టు, అలమరాలో ఉంటే మళ్లీ మార్చాలి. అప్పుడే గట్టి వస్తువు చేయించాలి. చేతి ఆకారానికి తగ్గ పిడి కావాలంటే ఎపాక్సీ ముద్ద వాడవచ్చు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, చర్మానికీ పడదు. అందుకని చేతికీ ముద్దకూ మధ్య ప్లాస్టిక్ కాగితం ఉంచి, అచ్చు పడగానే చెయ్యి తీసేయాలి.

కొత్తగా పక్షవాతం వచ్చినవారి విషయంలో వైద్యుణ్ణి, ఆక్యుపేషనల్ థెరపిస్టును అడగకుండా ఏదీ ఇవ్వకూడదు. వ్యాయామంతో కోలుకోగల చేతిని పూర్తిగా పక్కన పెట్టించే ప్రమాదం ఉంది. స్పర్శ లేనివారికి ఏ పనిముట్టు ఇచ్చినా రోజూ రాత్రి చేతులు రెండూ వెలుతురులో పరీక్షించుకునే అలవాటు కూడా నేర్పాలి.

మన సొసైటీ చేయగలిగింది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు నయమైనవారు, పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తులు కూడా అందులో ఉన్నారు. చేతి ఇబ్బంది కూడా వైకల్యమేనని తెలియక చాలామంది సదరం శిబిరానికే వెళ్లరు. వారి చేత దరఖాస్తు పెట్టించడం మనం చేయగల మొదటి పని. 40 శాతం వైకల్య ధ్రువీకరణ ఉన్న పేదలకు కేంద్రం ‘అడిప్’ పథకం కింద ఉపకరణాలు ఇస్తుంది. వాటిని తయారు చేసే కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ ‘అలింకో’, కుష్ఠు బాధితుల కోసం నిత్యజీవన పరికరాల కిట్‌ను కూడా తయారు చేస్తుంది. శిబిరాల్లో దాన్ని పేరుపెట్టి అడగాలి.

రెండోది, సొసైటీ కార్యాలయంలో ఒక అలమరా. అందులో లావు పిడి చెంచాలు, అరచేతి పట్టీలు, మేకుల పీట, మీట కుళాయి, తాళంచెవి పిడి ఒక్కొక్కటి నమూనాగా ఉంచాలి. ఎవరైనా వచ్చి పట్టుకుని చూసి, వారం రోజులకు తీసుకుపోయి, నచ్చితే తమ కొలతకు చేయించుకోవచ్చు. గ్రంథాలయంలో పుస్తకంలాగే. అలమరా నింపడానికి చక్రాల కుర్చీ అంత ఖర్చు కూడా కాదు.

మూడోది, మన పాఠశాలల పిల్లలు. ఏటా సైన్సు ప్రదర్శనకు అగ్నిపర్వతాలు, వర్షపునీటి నమూనాలు చేయిస్తాం. ఈసారి ఒక్కో జట్టుకు ఒక్కో ఇల్లు అప్పగిద్దాం. ఆ ఇంట్లోని ఒక పెద్దమనిషి చేతిని కొలిచి, ఆయన కోరిన ఒక్క వస్తువు చేసి ఇవ్వమందాం. మీట సూత్రం, పీడనం వారికి పరీక్ష దాటాక కూడా గుర్తుంటాయి.

దానం అంటే మనకు సాధారణంగా ఒకరి చేతిలో ఏదో పెట్టడం. ఇక్కడ అడుగుతున్నది ఆ చెయ్యి తన పని తాను చేసుకునేలా చూడమని. ఈ సంచిక చదువుతున్న ప్రతి సభ్యుడూ తన వీధిలో చేతి ఇబ్బంది ఉన్న ఒక్కరి పేరు, వారు స్వయంగా చేసుకోవాలని కోరుకునే ఒక్క పని రాసి కార్యాలయంలో ఇవ్వాలని మా మనవి. ఆ కాగితాలు చేతికి వస్తే మొదటి అలమరాలో ఏమేం ఉండాలో మనకు తెలిసిపోతుంది.